పూజ బిళ్ళలు

ఆంటీ పోయారన్న మెసేజ్ సిడ్నీలో, బ్లాక్‌టౌన్ స్టేషన్లో రైలు మారుతుండగా వచ్చింది. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆవిడ పట్టుచీర ఫోటో పెట్టారు. దాని కింద ఓం శాంతులూ, దండాలు పెట్టే చేతులూ వరసగా దిగుతున్నాయి. ‘వంటలో ఆవిడ చెయ్యి అమృతం’ అని ఒకరు, ‘ఒక్క మాటతోనైనా ఎవర్నీ నొప్పించి ఎరగరు’ అని ఇంకొకరు. రెండూ పచ్చి అబద్ధాలే. ఆవిడ పులిహోరలో ఉప్పు ఏనాడూ సరిగ్గా పడలేదు. ఇక నొప్పించకపోవడం అంటారా, మేముండే ద పాండ్స్ పేట మొత్తంలో ఆవిడ చేత చీవాట్లు తినని తెలుగిల్లు ఒక్కటి చూపించండి, ఈమధ్యే మొలిచిన నా మీసం గొరిగించుకుంటాను.

రైలు వదిలేసి ప్లాట్‌ఫారం మీద కూలబడ్డాను. ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అంత మనిషినీ పట్టుకుని పటంలో దేవతని చేసేస్తున్నారు. నేను ఈవేళ యూనివర్సిటీకి రైలెక్కుతున్నానంటే దానికి ఆవిడే కారణం. ఆ సంగతి ఆ గ్రూపులో మా అమ్మకి తప్ప ఒక్కళ్ళకీ తెలీదు. తెలిస్తే సగం మంది పెట్టిన దండాలు వెనక్కి తీసుకుంటారు కూడా.

ఆవిడ ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్‌లో చాలాకాలం ఆడవాళ్ళ డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉండొచ్చని సిడ్నీ వచ్చారు. మాట కాకినాడది, టోపీ డార్విన్‌ది. నేత చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకి రన్నింగ్ షూస్, నెత్తిన ఆ వెడల్పాటి టోపీతో పొద్దున్నే చెరువు చుట్టూ నడిచేవారు. ఎవరన్నా నవ్వితే, ‘ఈ దేశపు ఎండకి చీర చాలదమ్మా. చర్మం నాది, నవ్వు మీది,’ అని నడక ఆపకుండానే చెప్పేవారు.

పార్టీల్లో ఆవిణ్ణి చూడగానే మనవాళ్ళకి లేని రోగాలన్నీ గుర్తొచ్చేవి. బార్బెక్యూ దగ్గర ప్లేటు పట్టుకుని ‘ఆంటీ, నాకీ మోకాలు...’ అని మొదలెట్టేవాళ్ళు. ‘నిలబడి అడిగేవాటికి నాది ఒకటే జవాబు. మీ జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి,’ అనేసి కారప్పూస నములుకుంటూ పక్కకి వెళ్ళిపోయేవారు. ఎప్పుడో గానీ, ఎవరి మొహంలోనో ఏదో కనిపించి, కుర్చీ లాగి ‘కూర్చో’ అనేవారు. ఆ మాట వింటే అందరికీ దడ. మా వీధిలో ఒకాయన గ్యాస్ నొప్పి అని మజ్జిగ తాగుతుంటే, ‘కూర్చో నాయనా’ అని, ఆయన కూర్చునేలోపే అంబులెన్సుకి ఫోన్ చేశారు. తీరా అది గుండెపోటు. ఆ అంకుల్ ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా నిలబడే కాఫీ తాగుతాడు.

కూర్చోబెట్టాక మాత్రం ఆవిడకి తొందరుండేది కాదు. చేతిసంచీలోంచి ఒక మాండరిన్ కమలాపండు తీసి, తొక్క తెగకుండా చుట్టూతా ఒలుస్తూ, ఆ పండుకేసే చూస్తూ వినేవారు. కళ్ళలోకి చూస్తే మనుషులు అబద్ధాలాడతారని ఆవిడ సిద్ధాంతం. నొప్పిని ఇంగ్లీషులో చెప్పకూడదన్నది ఇంకో సిద్ధాంతం. నాలాంటి పిల్లలు ‘ఐయామ్ ఫైన్’ అంటే, ‘ఆ ఫైను అవతల పెట్టు. లాగుతోందా, పొడుస్తోందా, మెలిపెడుతోందా?’ అని గుచ్చి గుచ్చి అడిగేవారు. ఐదో క్లాసు దాకా రాజమండ్రిలో చదువుకున్నాను కాబట్టి నేను ఎలాగో నెగ్గుకొచ్చేవాణ్ణి. ఇక్కడ పుట్టిన పిల్లలు పాపం ఆవిడ కోసం పొట్ట పట్టుకుని మూకాభినయం చేసేవాళ్ళు.

ఇండియా నుంచి ఎవరు తిరిగొచ్చినా మర్నాటికల్లా కాఫీకని వాళ్ళింట్లో ప్రత్యక్షమయ్యేవారు. కాఫీ వంక మాత్రమే, అసలు పని మందుల సంచీ. మనవాళ్ళు ఊరగాయలతో పాటు మందులూ తెచ్చుకుంటారు కదా, తమ దగ్గుకీ, పక్కింటివాళ్ళ దగ్గుకీ కూడా. ఆ సంచీ డైనింగ్ టేబుల్ మీద ఒంపించి, కాలం చెల్లినవీ, డాక్టరు చెప్పకుండా మింగకూడనివీ ఏరి, ఆ షీట్ల మూలలు కత్తెరతో కత్తిరించేవారు. మూల తెగిన షీటు ముట్టుకోవద్దని అర్థం. ‘పోనీ మీరే ఏదైనా రాసివ్వండి ఆంటీ’ అంటే, ‘డాక్టరు రిజిస్ట్రేషన్ వదిలేశానమ్మా. ఇప్పుడు నేను ఉత్త ఆంటీని,’ అనేవారు.

మా ఇంటి సంచీ మాత్రం ఆవిడకి చిక్కలేదు. అమ్మ దాన్ని చీరల వెనక దాచేది. అందులో పూజ బిళ్ళలు ఉండేవి.

ఆ పేరు మా ఇంట్లో పెట్టుకున్నదే. వ్రతమో, తిరుపతి ప్రయాణమో పడినప్పుడు నెలసరిని వాయిదా వెయ్యడానికి ఆడవాళ్ళు వేసుకునే హార్మోను మాత్రలవి. ఊళ్ళో తెలిసిన మందుల షాపువాడు చీటీ అడక్కుండా ఇచ్చేవాడు. అమ్మ వెళ్ళినప్పుడల్లా తెచ్చుకునేది. దానికి సిగ్గూ ఎగ్గూ ఏమీ లేదు. ‘శుక్రవారం వ్రతం పెట్టుకున్నాం, నీ దగ్గర ఉన్నాయా?’ అని ఆంటీలు ఒకళ్ళనొకళ్ళు పంచదార అప్పడిగినట్టు అడుక్కునేవాళ్ళు.

నా సంగతి చెప్పాలి. నేను పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. ఆ మాట నాకు ఎప్పుడూ అతకలేదు. పద్నాలుగో ఏట అమ్మానాన్నలని ఎదురుగా కూర్చోబెట్టి, నేను అబ్బాయినని చెప్పాను. నాన్న లేచి వెళ్ళి కారు కడిగాడు. అమ్మ దిష్టి తీసింది. అంతే, ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. చదువు గురించి మాట్లాడేవాళ్ళు, గిన్నెలు డిష్‌వాషర్లో సర్దడం గురించి మాట్లాడేవాళ్ళు, నా గురించి తప్ప. తిట్టినా బాగుండేది.

ఆ ఇంట్లో అంతకంటే కష్టమైనది నెలకోసారి వచ్చేది. కడుపునొప్పి ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణి. నేను ఎవరినో నేను చెబుతుంటే, నా ఒళ్ళే అడ్డొచ్చి కాదు కాదు అంటున్నట్టుండేది. స్కూల్లో అబ్బాయిల టాయిలెట్లో ప్యాడ్ కవరు చప్పుడు కాకుండా విప్పడం నేర్చుకున్నవాడికి ప్రపంచంలో ఇంకే విద్యా కష్టమనిపించదు. టాయిలెట్‌కి వెళ్ళక్కర్లేకుండా మంచినీళ్ళు మానేశాను. తర్వాత ఆ వారం స్కూలే మానేశాను. ఇంకొన్నాళ్ళు అలాగే సాగితే స్కూలుతో ఆగేవాణ్ణి కాదు, నిజం చెబుతున్నాను.

అప్పుడు అమ్మ బీరువా గుర్తొచ్చింది. చిన్నప్పట్నించీ చూస్తున్నదే కదా, బిళ్ళ వేసుకుంటే ఆగుతుంది. ఇయర్ టెన్‌లో, అంటే పదో క్లాసులో, దొంగతనంగా మొదలెట్టాను. షీట్లు తరిగిపోతున్నాయని అమ్మకి అనుమానం రాకుండా కొన్నాళ్ళు ఆపేవాణ్ణి, మళ్ళీ మొదలెట్టేవాణ్ణి. ఎన్ని వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్ళు లేరు. ఉన్నా నేను అడిగేవాణ్ణి కాదు.

తెలిసినవాళ్ళ గృహప్రవేశం రోజున బండారం బయటపడింది. కింద హాల్లో హోమం జరుగుతోంది, పొగకి స్మోక్ అలారం మోగకుండా నలుగురు మగవాళ్ళు తువ్వాళ్ళతో విసురుతున్నారు. అందులో నాన్న కూడా ఉన్నాడు. నేను తీసిన షీటు అయిపోయి, ఇంకోటి తీస్తే అమ్మకి తెలుస్తుందని ఆగి అప్పటికి కొద్ది రోజులే అయింది. ఆపిన నెలలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. మెట్లెక్కి పై బాత్రూములోకి దూరేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. తలుపవతల ఆంటీ గొంతు వినిపించింది. మెట్ల మీద నా మొహం చూశారట.

‘గడియ తీసి, ఉన్నచోటే కూర్చో. ఇంకేం చెయ్యకు.’

లోపలికొచ్చి తలుపేసి, ఆ షూసుతోనే స్నానాల తొట్టి అంచు మీద కూర్చున్నారు. ‘ఏమ్మా, ఎప్పట్నించి?’

‘ఐయామ్ నాట్ అమ్మా, ఆంటీ. ఐయామ్ ఎ బాయ్,’ అన్నాను. ఆ క్షణంలో ఎందుకన్నానో నాకే తెలీదు. కళ్ళు తిరుగుతున్నవాడికి వేరే భయాలు గుర్తుండవనుకుంటాను.

ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి పండు తీశారు. ‘సరే. ఎప్పట్నించి బాబూ, ఈ రక్తం?’

అంతే. ఏడాదిగా నేను ఎవరికి చెప్పినా, ఆ తర్వాత ఏదో ఒకటి జరిగింది. ఏడుపో, కోపమో, కారు కడగడమో. ఆవిడ మాత్రం సరే అని, రక్తం గురించి అడిగారు. 

మొత్తం చెప్పేశాను. ఆవిడ ఒలుస్తూ ఒక్కొక్కటే అడిగారు. గంటకో ప్యాడ్ తడిసిపోతోందా? పిక్కల్లో నొప్పి, ఒక కాలు వాపు, ఊపిరి అందకపోవడం ఉన్నాయా? లేవన్నాను. తలనొప్పి వచ్చేముందు కళ్ళముందు మెరుపుల్లాంటివి కనిపిస్తాయా? కనిపిస్తాయన్నాను. ఒలిచే చెయ్యి ఆగింది.

‘మీ ఇంట్లో ఎవరికైనా కాల్లోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిందా?’

‘ఐ డోంట్ నో.’

‘అదీ సంగతి. చూడు నాయనా, ఈ బిళ్ళ పాపిష్టిది కాదు. నీలాంటి పిల్లలకి నెలసరి ఆగడానికి డాక్టర్లే ఇలాంటివి ఇస్తారు, ఇంకా వేరే రకాలూ ఉన్నాయి. కాకపోతే ఆ మెరుపుల తలనొప్పి ఉందా, వంశంలో గడ్డలున్నాయా, అన్నీ కనుక్కుని ఏది పడుతుందో చూసి ఇస్తారు. నువ్వు ఏమీ తెలీకుండా పుట్టలో చెయ్యి పెట్టావు.’

‘అమ్మకి చెప్పకండి, ప్లీజ్.’

‘నేనెందుకు చెబుతాను, నువ్వే చెబుతావు. నీ ఒంటి సంగతి నీకు తెలుసు. నీ వంశం సంగతి మీ అమ్మ దగ్గరుంది. అది తెలిస్తే తప్ప నీకు ఎవరూ సరైన మందు ఇవ్వలేరు.’

ఎలాగూ తెగించాను కదాని, స్కూల్లో ఒకడి అన్న జిమ్ములో టెస్టోస్టెరాన్ అమ్ముతాడని, అది వేసుకుంటే ఇదంతా పోతుందని విన్నానని కూడా చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసింది ఆ ఒక్కసారే.

‘దానికీ దారుంది. పిల్లల కోసమే క్లినిక్కులున్నాయి, అక్కడ డాక్టర్లుంటారు, కూర్చుని మాట్లాడేవాళ్ళుంటారు. వరసలో ఉండాలి, నెలలు పడుతుంది. మా డార్విన్‌లో వానలకి ముందు బిల్డప్ అని ఒక కాలం ఉంటుంది. మబ్బేస్తుంది, ఉక్కపోస్తుంది, వాన మాత్రం రాదు. మనుషులకి పిచ్చెక్కుతుంది. నీకిప్పుడు ఆ కాలం నడుస్తోంది. ఆ ఉక్కలో తట్టుకోలేక జిమ్ములో అమ్మేది పొడుచుకున్నావా, నేనే నీ చెవి తెంపుతాను.’

ఆవిడ అన్నీ తెలిసిన మనిషేమీ కాదు. మా తరం వాడే కొత్త మాటలు ఆవిడ నోట తిరిగేవి కావు. ‘ఇవన్నీ నాకు రావురా, రక్తం ఒక్కటే వచ్చు,’ అనేవారు. చాలాకాలం నా పాత పేరు పిలిచి నెత్తి కొట్టుకునేవారు. ‘రేపు నీ మనసు మారితే?’ అని ఒకరోజు మొహం మీదే అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చి లేచి వెళ్ళిపోబోయాను. ‘అడగడం నా పని, కోప్పడటం నీ పని. అడక్కుండా మందిచ్చేవాడి దగ్గరికి మాత్రం వెళ్ళకు,’ అన్నారు.

ఆ గృహప్రవేశం రోజు మధ్యాహ్నమే ఆంటీ మా ఇంటికి వచ్చారు. నాకు ఉపవాసం వల్ల కళ్ళు తిరిగాయనుకుని అమ్మ అప్పటికే నిమ్మకాయ నీళ్ళు కలుపుతోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. బిళ్ళలు తీశాను, నెలనెలా వేసుకున్నాను, ఇందుకు వేసుకున్నాను. అమ్మ చేతిలో చెంచా కింద పెట్టింది.

‘ఎవరు నేర్పారే నీకు ఇవన్నీ? చూశారా ఆంటీ, ఫోన్లో చూసి చూసి ఇలా తయారైంది. భగవంతుడిచ్చిన దాన్ని, సహజంగా వచ్చేదాన్ని, ఎవరన్నా చేతులారా ఆపుకుంటారా?’

‘సంచీ తీసుకురా,’ అన్నారు ఆంటీ.

అమ్మకి తప్పలేదు. ఆవిడే దాన్ని టేబుల్ మీద ఒంపి, పూజ బిళ్ళల షీట్లు ఏరి అమ్మ ముందు పెట్టారు.

‘ఇవి ఎవరివి?’

‘నావే. వరలక్ష్మీ వ్రతానికి తెచ్చుకున్నా. అంతకుముందు మా తమ్ముడి పెళ్ళికి.’

‘పీటల మీద కూర్చోడానికి నువ్వు ఆపుకున్నావు. క్లాసులో బెంచీ మీద కూర్చోడానికి వాడు ఆపుకున్నాడు. ఇద్దరూ డాక్టర్ని అడగలేదు. నాకు ఇద్దరి మీదా ఒకటే కోపం.’

 వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాన్న తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది. ఆంటీ అదే గొంతుతో, గడ్డల సంగతి అడిగారు. 

‘మా అమ్మకి,’ అంది అమ్మ. ‘మోకాలి ఆపరేషనయ్యాక పిక్క వాచింది. ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రయాణం బడలిక అనుకున్నాం. బాత్రూముకని లేచి పడిపోయింది. ఊపిరితిత్తుల్లోకి గడ్డ వెళ్ళిందన్నారు.’

అమ్మమ్మ గుండె ఆగి పోయిందనే నాకు ఇన్నాళ్ళూ చెప్పారు.

‘మరి నువ్వు ఈ బిళ్ళలు వేసుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికైనా చెప్పావా?’

‘ఎవరడిగారు ఆంటీ,’ అంది అమ్మ. అలా అంటూనే నాకేసి చూసింది. ఆ చూపులో ఏడాదిగా ఉన్న మూతి ముడుపూ లేదు, కోపమూ లేదు, ఒట్టి భయం. గబగబా వచ్చి నేల మీద కూర్చుని, నా రెండు పిక్కలూ పట్టుకుని నొక్కి నొక్కి చూసింది. నేను అబ్బాయినని చెప్పినప్పట్నించీ అమ్మ నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాం. ఆంటీ కారిడార్‌లోనే ఉండిపోయారు. లోపల అమ్మమ్మ సంగతి అమ్మే చెప్పింది, డాక్టరు అడక్కముందే చెప్పింది. గడ్డలేమీ లేవు గానీ రక్తం బాగా తగ్గిందని ఐరన్ ఇచ్చారు. తర్వాత మా జీపీ నా తలనొప్పీ, అమ్మమ్మ కాలూ అన్నీ లెక్కలోకి తీసుకుని, నెలసరి ఆగడానికి వేరే మందు పెట్టారు. అదేమిటో ఇక్కడ రాయను. నాకు పడింది ఇంకొకరికి పడాలని లేదు, ఇది ఆంటీ చదువుతుంటే ఇంతసేపూ ఈ మాట కోసమే చూస్తూ ఉండేవారు. క్లినిక్‌లో వరస రావడానికి చాలా కాలం పట్టింది. మీసం సంగతి ఆ తర్వాతిది. ఆ కాలమంతా నేను స్కూలు మానలేదు.

కానీ ఆవిడ పేరు వింటే నాకు ముందుగా మా లాండ్రీ గది గుర్తొస్తుంది. ఆ మొదటి రోజుల్లో అమ్మ బట్టలు వేసే వంకతో ఆ గదిలోకి వెళ్ళి, డ్రయ్యరు హోరులో ఎవరికీ వినపడదనుకుని, రోజూ ఆంటీకి ఫోన్ చేసేది. హోరుకి తనకీ వినపడక స్పీకర్ పెట్టేది. ‘ఆంటీ, ఇవాళ మందు వేసుకోవడం అయింది. అన్నం సరిగ్గా తినలేదు. మొహం పాలిపోయినట్టుంది. తలనొప్పి ఉందో ఏమో...’ ఆంటీ ఓపిగ్గా ఊ కొట్టేవారు. ఆవిడకి ఓపిక ఉండటం నాకు వింతగా ఉండేది.

ఒకరోజు నా స్పోర్ట్స్ చొక్కా కోసం వెళ్ళి, ఆ గుమ్మంలో ఆగిపోయాను.

‘నువ్వింక నాకు ఫోన్ చెయ్యకు,’ అంటున్నారు ఆంటీ.

‘నేనేమన్నా తప్పుగా మాట్లాడానా ఆంటీ?’ అంది అమ్మ.

‘తప్పేం లేదు. వాడికి తలనొప్పి ఉందో లేదో ఇక్కడ కూర్చున్న నాకేం తెలుస్తుంది? వాడు పక్క గదిలో ఉన్నాడు. వాణ్ణడుగు.’ ఫోన్ పెట్టేశారు.

అమ్మ వెనక్కి తిరిగేసరికి నేను ఎదురుగా ఉన్నాను. చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

‘ఎలా ఉందిరా నీకు?’ అంది.

 ఆ ఇంట్లో అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. అమ్మ చెయ్యి చాచి డ్రయ్యరు ఆపేసి, నేను చెప్పేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.